తపాలా సంచీ నుంచి కరెంటు తీగ దాకా

టెక్సస్‌లోని మా ఊరికి ఫ్రిస్కో అని పేరు పెట్టాలని మొదట ఎవరూ అనుకోలేదు. 1902లో రైలు పట్టాల పక్కన స్థలాలు వేలం వేసి ఊరు కట్టడం మొదలుపెట్టినప్పుడు, ఆ భూమి ఆసామి పేరు మీద ఎమర్సన్ అని పిలుచుకుందామనుకున్నారు. తపాలా శాఖ ఒప్పుకోలేదు. టెక్సస్‌లోనే ఎంబర్సన్ అని ఇంకో ఊరుంది, ఉత్తరాలు తారుమారవుతాయి, కుదరదు పొమ్మంది. చివరికి ఊరి మీదుగా పోయే రైలు పేరే ఊరికి మిగిలింది. సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైల్వేని జనం పొట్టిగా ‘ఫ్రిస్కో’ అనేవారు. పేరులో ఉందన్న మాటేగానీ ఆ రైలు శాన్ ఫ్రాన్సిస్కో దాకా ఏనాడూ వెళ్లలేదు.

మా వీధిలో ఒక తెలుగమ్మాయి హైస్కూలు పత్రికకు రాస్తుంది. పోయిన నెల వచ్చి, “అంకుల్, ఎమర్జెన్సీలో పేపర్లు ఖాళీగా వచ్చాయట కదా, మీకు గుర్తుందా?” అని అడిగింది. తనకు చెప్పడానికి పుస్తకాలు తిరగేస్తూ పోగుచేసినవే ఈ విశేషాలు. వెతికే కొద్దీ నాకు ఒక సంగతి తగులుతూనే ఉంది. పత్రికను ఆపడానికి సర్కారుకు లాఠీ పెద్దగా అవసరపడలేదు. తపాలా ముద్ర, జామీను రసీదు, ఫ్యూజు, ఇలా చేతికందిన మామూలు వస్తువులే సరిపోయాయి.

ఉత్తరాల మంత్రి చేతిలో కత్తెర

ఊరి పేరు మార్పించిన ఆ తపాలా శాఖకు 1913లో మన టెక్సస్ మనిషే పెద్ద అయ్యాడు. శాన్ మార్కోస్‌లో పుట్టిన ఆల్బర్ట్ బర్ల్‌సన్ 1921 దాకా అమెరికా పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగాక, 1917లో గూఢచర్య చట్టం వచ్చింది. యుద్ధాన్ని అడ్డుకునే రాతలను టపాలో పంపకూడదన్న అధికారం దానితో ఆయన చేతికి చిక్కింది. అలా టపా నుంచి గెంటేసిన తొలి పత్రికల్లో ఒకటి టెక్సస్‌లోనే, హాలెట్స్‌విల్ అనే చిన్న ఊళ్లో అచ్చయ్యేది. పేరు ‘ది రెబెల్’. కౌలు రైతుల కష్టాలు రాసే సోషలిస్టు వారపత్రిక అది. అప్పట్లో పల్లెటూరి పాఠకుడికి పత్రిక చేరాలంటే టపా తప్ప దారి లేదు. ఆ దారి మూస్తే పత్రిక పోయినట్టే, పోయింది కూడా.

న్యూయార్క్‌లో వచ్చే ‘ది మాసెస్’ మాసపత్రిక విషయంలో నడిపిన తంతు ఇంకా దారుణం. 1917 ఆగస్టు సంచికను తపాలా శాఖ తీసుకోనంది. తర్వాతి సంచిక పట్టుకెళ్తే, “మీరు ఆగస్టు సంచిక పంపలేదు, కాబట్టి మీది క్రమం తప్పకుండా వచ్చే పత్రిక కాదు, చౌక రేటు మీకు వర్తించదు” అంది. ఆపిందీ తామే, ఆగిపోయిందని శిక్ష వేసిందీ తామే. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది.

అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఇంకో చట్టం, పరాయి భాషల పత్రికలు ప్రభుత్వం గురించో యుద్ధం గురించో ఏది రాసినా దాని ఇంగ్లీషు అనువాదం ముందుగా పోస్ట్‌మాస్టర్‌కు దాఖలు చేయాలంది. టెక్సస్‌లో జర్మన్, చెక్ భాషల పత్రికలు చాలానే ఉండేవి. ఆ రోజుల్లో ఇక్కడ తెలుగు పత్రిక ఒకటి ఉండి ఉంటే, దాని సంపాదకుడూ అనువాదాల కట్ట చంకన పెట్టుకుని పోస్టాఫీసు ముందు నిలబడాల్సి వచ్చేది.

ఒక్క సంచికే

అమెరికా నేల మీద తొలి వార్తాపత్రిక 1690 సెప్టెంబరు 25న బోస్టన్‌లో వచ్చింది. బెంజమిన్ హారిస్ వేసిన ‘పబ్లిక్ అకరెన్సెస్’ అది. నాలుగు రోజులకే, లైసెన్సు లేదంటూ గవర్నరు, ఆయన మండలి కలిసి ఆపేశారు. రెండో సంచిక లేదు.

మన దేశంలో తొలి పత్రిక, 1780 జనవరిలో కలకత్తాలో మొదలైన హికీ ‘బెంగాల్ గెజెట్’. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ దాని మీద మొదట వాడిన ఆయుధం కూడా తపాలానే. ఆ ఏడాది నవంబరులో టపాలో వెళ్లకుండా కట్టడి చేశాడు. హికీ మనుషుల చేత ఇంటింటికీ పంచి నెట్టుకొచ్చాడు. 1782లో అచ్చు అక్షరాలనే పట్టుకుపోయారు.

1908: ఫ్రిస్కోలో మున్సిపాలిటీ, బెజవాడలో సంకెళ్లు

మా ఫ్రిస్కో అధికారికంగా పట్టణమైంది 1908లో. తెలుగు పత్రికల చరిత్రలోనూ అది మామూలు ఏడు కాదు. ఆ సెప్టెంబరులో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా ప్రారంభించారు. ఆ ఏడే బెజవాడలో ‘స్వరాజ్య’ వారపత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు దారి వేసుకున్నారు.

అప్పటికి ఆయనకు పాతికేళ్లు. తిరునల్వేలిలో జనం మీద కాల్పులు జరిగి మనుషులు పోయారు. ఆ ఏడు జూలైలో తిలక్‌కు ‘కేసరి’ రాతల మీద ఆరేళ్లు వేసి మాండలేకు పంపారు. ఆ రోజుల్లోనే గాడిచర్ల, తెల్ల పాలకుణ్ణి క్రూరమైన పులితో పోలుస్తూ రాశారు. రాజద్రోహం కేసు పెట్టారు. ప్రచురణకర్త బోడి నారాయణరావునూ వదల్లేదు. గాడిచర్లకు చివరికి మూడేళ్ల కఠిన శిక్ష పడింది. వేలూరు జైల్లో రాజకీయ ఖైదీ అన్న గౌరవమేమీ లేదు, కాళ్లకు గొలుసులు వేసి మామూలు నేరస్థుల్లో కలిపారు. రాత మీద ఇలా జైలుకెళ్లిన తొలి తెలుగు రాజకీయ ఖైదీగా ఆయన్ను చెప్పుకుంటారు. ‘ఆంధ్ర తిలక్’ అన్న పేరు ఊరికే రాలేదు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పాలనుకునేది ఒకటుంది. జైలుకెళ్లడానికి ముందు ఏడే, 1907లో, గాడిచర్ల తెలుగులో అబ్రహాం లింకన్ జీవితచరిత్ర రాశారు. విజ్ఞాన చంద్రికా గ్రంథమాల తొలి పుస్తకం అదే. బానిసత్వం పోగొట్టిన మనిషి కథ చెబితే మనవాళ్లకు మాట అర్థమవుతుందని ఆ ఎంపిక అనుకుంటాను.

ఆ లింకనే 1864 మేలో రెండు న్యూయార్క్ పత్రికలను, ‘వరల్డ్’నూ ‘జర్నల్ ఆఫ్ కామర్స్’నూ, సైన్యం చేత మూయించాడు. అధ్యక్షుడి పేరుతో ఎవరో అల్లిన దొంగ ప్రకటనను నిజమనుకుని అవి అచ్చేశాయి. కొద్ది రోజులకే మళ్లీ తెరవనిచ్చారు. లింకన్ మీద నాకున్న గౌరవం దీనితో తగ్గలేదు. కానీ ఎంత మంచివాడి చేతికైనా సైన్యమూ యుద్ధమూ ఒకేసారి అందితే పత్రిక గడప మీద తుపాకీ నిలబడుతుందని మాత్రం అర్థమైంది.

రైలు వెళ్లని ఊళ్లో తెలుగువాడు

మా రైలు చేరుకోలేని శాన్ ఫ్రాన్సిస్కోలో 1913 నవంబరు 1న ‘గదర్’ పత్రిక మొదలైంది, మొదట ఉర్దూలో, తర్వాత గురుముఖిలో. లాలా హరదయాళ్ నడిపించారు. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని భారతదేశంలోకి రాకుండా కస్టమ్స్ చట్టం కింద నిషేధించింది. అయినా ఉత్తరాల మడతల్లో, ప్రయాణికుల సామాన్లలో దూరి వెళ్లేది. 1914 మార్చిలో హరదయాళ్‌ను అమెరికా అధికారులు అరెస్టు చేశారు. జామీను మీద బయటికొచ్చి స్విట్జర్లాండ్ వెళ్లిపోయారు. తర్వాత సంపాదకుడైన రామచంద్రను 1918 ఏప్రిల్‌లో, శాన్ ఫ్రాన్సిస్కో కోర్టు గదిలోనే, విచారణ నడుస్తుండగా, సాటి ముద్దాయి కాల్చి చంపాడు.

ఆ పత్రిక వెనకున్న గదర్ పార్టీలో మన కనిగిరి మనిషి ఒకరున్నారు, దరిశి చెంచయ్య. కాలిఫోర్నియాకు చదువు కోసం వచ్చి పార్టీలో చేరారు. తిరిగి వెళ్లే దారిలో పట్టుబడి కొన్నేళ్లు జైల్లో మగ్గారు. ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ చదవని తెలుగు అమెరికన్ ఉంటే, ముందు అది చదవమంటాను. పై చదువుకని విమానమెక్కిన మన పిల్లల వయసే ఆయనది అప్పటికి.

మాట్లాడాలంటే ముందు డబ్బు కట్టు

1910 ప్రెస్ చట్టం గురించి బడి పుస్తకాల్లో ఒక్క వాక్యం ఉంటుంది. అది ఎలా పనిచేసేదో చూడండి. అచ్చుయంత్రం పెట్టాలంటే మేజిస్ట్రేటు దగ్గర జామీను కింద డబ్బు కట్టాలి. రాసింది నచ్చకపోతే ఆ డబ్బు జప్తు. మళ్లీ తెరవాలంటే ఇంకా పెద్ద మొత్తం. దానికీ మూడితే యంత్రమే పోతుంది. జైలు లేదు, కోర్టులో వాదోపవాదాలూ అంతగా లేవు, పద్దు పుస్తకంలో ఒక గీత చాలు.

మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీబిసెంట్ మద్రాసులో ‘న్యూ ఇండియా’ నడిపేవారు. 1916లో ఆమెను 2,000 రూపాయలు కట్టమన్నారు. కట్టారు. జప్తు చేశారు. ఈసారి 10,000 అన్నారు. ఆమెకు వెనక దన్ను ఉంది కాబట్టి అదీ కట్టగలిగారు. జిల్లా కేంద్రంలో వందల్లో చందాదారులున్న తెలుగు వారపత్రికకు అంత శక్తి ఎక్కడిది? జామీను అడుగుతారేమోనన్న భయానికే ఎన్ని వాక్యాలు కలం దాటకుండా ఆగిపోయాయో లెక్క కట్టలేం. నన్ను బాగా బాధపెట్టేది ఆ రాయని వాక్యాలే.

తెలుగు పత్రికల శ్రద్ధగల పాఠకుడు

ఆ రోజుల్లో తెలుగు పత్రికలను అక్షరం వదలకుండా చదివిన మనిషి ఎవరు? మద్రాసు ప్రభుత్వ అనువాదకుడు. ప్రతి వారం తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ పత్రికలు తెప్పించుకుని, సర్కారుకు పనికొచ్చే, సర్కారుకు గుచ్చుకునే వార్తలన్నీ ఇంగ్లీషులో క్లుప్తంగా రాసి పై అధికారులకు రహస్య నివేదికగా పంపేవారు. ‘నేటివ్ న్యూస్‌పేపర్ రిపోర్ట్స్’ అంటారు వాటిని.

ఈ రోజు చరిత్రకారులు ఆ నివేదికలనే ఆధారం చేసుకుంటున్నారు. ఎందుకంటే అసలు పత్రికల్లో చాలావాటి ప్రతులు చెదపురుగుల పాలయ్యాయి, కొన్ని ఎక్కడా దొరకవు. నిషేధించిన పుస్తకాలు, కరపత్రాలదీ అదే కథ. బ్రిటిష్ లైబ్రరీలోనూ, ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలోనూ వాటి ప్రతులు ఈనాటికీ ఉన్నాయి, నిషేధించినవాడు తన ఫైలు కోసం దాచిన ప్రతులు. తల్లి పోగొట్టుకున్న పిల్లాడి ఫొటో పోలీసు ఫైల్లో దొరికినట్టు అనిపిస్తుంది నాకు.

మనవాళ్లు దాచుకున్నవీ లేకపోలేదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలను కంటికి రెప్పలా కాపాడింది. బందరులో కృష్ణాపత్రిక పుట్టిన ఏడు 1902, అంటే మా ఫ్రిస్కో స్థలాలు వేలం వేసిన ఏడే.

జేబులో ఉన్న క్వార్టర్

ఇది రాస్తుంటే బల్ల మీద ఒక పావు డాలరు నాణెం ఉంది. 2023లో వేసింది. ఒకవైపు మామూలే, వాషింగ్టన్ బొమ్మ. రెండో వైపు చేతులు కలిపి నిలబడిన ఒక స్త్రీ. ఆమె ఒంటి మీద బట్ట ఉండాల్సిన చోట సన్నటి అక్షరాలున్నాయి. భూతద్దం పెడితే పత్రికల పేర్లు కనిపిస్తాయి: ‘ఎల్ ప్రోగ్రెసో’, ‘లా క్రోనికా’.

ఆమె పేరు హోవితా ఇదార్. టెక్సస్‌లోని లరేడో ఊరిది. 1914లో, మెక్సికో సరిహద్దుకు సైన్యాన్ని పంపడాన్ని తప్పుపడుతూ ‘ఎల్ ప్రోగ్రెసో’లో సంపాదకీయం వచ్చింది. పత్రికను మూయించడానికి టెక్సస్ రేంజర్లు వచ్చారు. ఈమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపలికి రానివ్వలేదు. ఆ రోజుకు వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ వచ్చి యంత్రాలు పగలగొట్టారు.

ఇదే రాష్ట్రంలో యంత్రం పగిలినప్పుడు ఆమెకు దిక్కు లేకపోయింది. 109 ఏళ్ల తర్వాత అదే దేశపు ప్రభుత్వం ఆమె పత్రిక పేరును వెండి రంగు లోహం మీద ముద్రించింది. ఫ్రిస్కో ఇండియన్ కిరాణా కొట్లో చిల్లర తీసుకునేటప్పుడు ఒకసారి తిప్పి చూడండి, మీ చేతికీ వచ్చి ఉండవచ్చు.

హైదరాబాదులో ఒక చెయ్యి

నిజాం రాజ్యంలో ‘రయ్యత్’ ఉర్దూ పత్రికను మందుముల నర్సింగరావు నడిపేవారు. సర్కారు దాన్ని మూయించింది. అందులో పనిచేసిన షోయబుల్లా ఖాన్ ఊరుకోలేదు. 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ పేరుతో సొంత పత్రిక పెట్టారు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలని రాశారు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని కాచిగూడ దగ్గర ఇంటికి వెళ్తుంటే రజాకార్లు కాల్చారు. రాసే చెయ్యి నరికారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు.

ఇది సర్కారు కాగితం మీద వేసిన శిక్ష కాదు. కానీ ముందు పత్రికను మూసింది సర్కారే, తర్వాత చెయ్యి నరికినవాళ్లను అడ్డుకోనిదీ సర్కారే. నెల తిరగకముందే, సెప్టెంబరు 17న, ఆయన కోరుకున్న విలీనం జరిగింది.

రెండు దేశాలు, రెండు మొదటి సవరణలు

అమెరికా పౌరసత్వ పరీక్షకు చదివే మనవాళ్లందరికీ మొదటి సవరణ నోటికొస్తుంది. 1791లో వచ్చిన ఆ సవరణ, పత్రికాస్వేచ్ఛను తగ్గించే చట్టం చేయకూడదంటుంది. మరి భారత రాజ్యాంగపు మొదటి సవరణ ఏమిటో ఎంతమందికి తెలుసు?

మద్రాసు రాష్ట్రంలోనే మన కోస్తా, రాయలసీమ జిల్లాలుండే రోజులు. బొంబాయి నుంచి వచ్చే ‘క్రాస్‌రోడ్స్’ అనే వామపక్ష వారపత్రిక రాష్ట్రంలోకి రాకూడదని 1950 మార్చి 1న మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి నిండా ఐదు వారాలు కూడా కాలేదు. సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. మే 26న కోర్టు ఆ నిషేధం చెల్లదంది. అదే రోజు ఢిల్లీలో ‘ఆర్గనైజర్’ పత్రిక మీద పెట్టిన ముందస్తు సెన్సారునూ కొట్టేసింది. ఒకటి ఎడమవైపు పత్రిక, ఇంకొకటి కుడివైపుది. ఒకే కోర్టు, ఒకే రోజు, ఒకే న్యాయం.

ఏడాది తిరగగానే, 1951 జూన్‌లో, భారత రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. వాక్ స్వాతంత్య్రం మీద ‘శాంతిభద్రతల’ పేరుతో కూడా ఆంక్షలు పెట్టవచ్చని అందులో చేర్చారు. ఆ ఆంక్షలు సమంజసంగా ఉండాలన్న మాట కూడా చేరింది, అంతవరకు మేలే. అయినా రెండు దేశాల మొదటి సవరణలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా, పుట్టిన దేశం గురించి నా మనసు చివుక్కుమంటుంది.

కాగితం కోటా

పత్రికను సన్నబరచడానికి ఇంకో దారి, కాగితం. 1972లో కేంద్రం న్యూస్‌ప్రింట్ విధానం కింద పెద్ద దినపత్రికలకు 10 పేజీల హద్దు పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాగితం ఆపితే మాట ఆగినట్టేనని తేలింది.

తగలబెట్టిన 3,000 ప్రతులు

అమెరికాలో సైన్సు పత్రికలకూ ఈ బాధ తప్పలేదు. 1950 ఏప్రిల్ ‘సైంటిఫిక్ అమెరికన్’లో హైడ్రోజన్ బాంబు గురించి నోబెల్ స్థాయి శాస్త్రవేత్త హాన్స్ బేథె వ్యాసం ఉంది. అణుశక్తి కమిషన్ అధికారులు ప్రెస్సుకొచ్చి, అప్పటికే అచ్చయిన 3,000 ప్రతులను దగ్గరుండి తగలబెట్టించారు. అంతకు ముందు 1944 మార్చిలో ‘అస్టౌండింగ్’ అనే కథల పత్రికలో అణుబాంబు కల్పిత కథ ఒకటి వస్తే, రహస్యం ఎలా బయటికొచ్చిందంటూ గూఢచారి శాఖ సంపాదకుడి దాకా వెళ్లింది. గ్రంథాలయంలో దొరికే మామూలు పత్రికల్లోని సమాచారమే అదని తేలింది.

ఆ రాత్రి కరెంటు పోయింది

1975 జూన్ 25 అర్ధరాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లో కరెంటు పోయింది. పెద్ద పత్రికలు చాలావాటి ప్రెస్సులు ఆ రోడ్డు మీదే. హిందుస్థాన్ టైమ్స్, స్టేట్స్‌మన్‌ల కరెంటు వేరే లైను మీద ఉండటంతో అవి మాత్రం తెల్లారి బయటికొచ్చాయి. ఎమర్జెన్సీ సెన్సారు అలా ఫ్యూజుతో మొదలైంది. తర్వాత కాగితాలు వచ్చాయి, ఏ వార్తయినా ముందు అధికారికి చూపించి ముద్ర వేయించుకోవాలని.

జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును తెల్లగా వదిలేసింది. అప్పట్లో మన ‘ఆంధ్రప్రభ’ కూడా ఆ పత్రికను నడిపిన గోయెంకా సంస్థదే. టైమ్స్ ఆఫ్ ఇండియా మరణ ప్రకటనల్లో, ప్రజాస్వామ్యమనే పెద్దమనిషి కాలం చేశాడనీ, ఆయన భార్య సత్యమనీ, కొడుకు స్వేచ్ఛ అనీ అర్థమొచ్చేలా పేర్లు మార్చి ఎవరో వేయించారు. గుమాస్తాకు అర్థం కాక అచ్చయిపోయింది. తర్వాత సెన్సారు తెల్ల చోట్లు కూడా వదలకూడదంది. సంపాదకీయం బదులు గాంధీ, టాగోర్ మాటలు వేసుకున్నా ఒప్పుకోనంది. కార్టూనిస్టు శంకర్ ఆగస్టు 31న తన వారపత్రికను మూసేశారు. మరుసటి ఏడాది నాలుగు వార్తా సంస్థలను కలిపి ‘సమాచార్’ అని ఒక్కటి చేశారు.

ఇక మా ఇంటి సంగతి. మా నాన్న ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్. అందులో ఒక స్థానిక వారపత్రిక అచ్చయ్యేది. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే స్టిక్కులో పేర్చి, గేలీలోకి ఎక్కించి, సిరా రోలరు తిప్పి ప్రూఫు తీసేవారు. ఆ తడి ప్రూఫు బస్సులో జిల్లా కేంద్రానికి వెళ్లి, సెన్సారు అధికారి దగ్గర్నుంచి ఎర్ర గీతలతో తిరిగొచ్చేది. గీత పడ్డ పంక్తులను గేలీలోంచి చిమటాతో ఎత్తి పక్కన పెట్టేవారు. చోటు తెల్లగా ఉండకూడదు కదా, అందుకని మా నాన్న ఇంకో గేలీ నిండా ఎప్పుడూ సిద్ధంగా కట్టిపెట్టుకునేవారు: జలుబుకు శొంఠి కషాయం, మిరప తోటకు పురుగుమందు, ఆవకాయ బూజు పట్టకుండా చిట్కాలు. కొట్టేసిన మాట ఎంత పొడుగుందో కొలిచి అంత పొడుగు చిట్కా తెచ్చి పూడ్చేవారు. మా ఊళ్లో ఆ రెండేళ్లూ కషాయాల గురించి అందరికీ బాగా తెలిసిపోయింది.

ఎత్తేసిన పంక్తుల అక్షరాలను విడదీసి మళ్లీ గళ్లలో వేయడం బడి వదిలాక నా పని. అప్పటికి నాకు పదేళ్లు. సీసం మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి, నాకు అలా చదవడం బాగా అలవాటు. ఒక్కో వాక్యాన్ని చదివి, ‘క’ను ‘క’ గడిలో, ‘మ’ను ‘మ’ గడిలో వేసేసేవాణ్ణి. వేళ్లు నల్లబడేవి. ఆ వాక్యాలను చదివిన ఆఖరి మనిషిని నేనే.

అమెరికాలో ఉన్న భారతీయులు ఆ రోజుల్లో ఊరుకోలేదని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ‘ఇండియన్స్ ఫర్ డెమోక్రసీ’ పేరుతో జట్టుకట్టి, అక్కడ అచ్చు కానివి ఇక్కడ అచ్చేశారు. కొందరు పాస్‌పోర్టులు పోగొట్టుకున్నారు. ఇక్కడైతే అంతకు నాలుగేళ్ల ముందే, 1971 జూన్ 30న, పెంటగాన్ పత్రాల కేసులో, అచ్చు ఆపాలన్న సర్కారును కాదని అమెరికా సుప్రీంకోర్టు 6–3తో న్యూయార్క్ టైమ్స్ వైపు నిలిచింది.

సభా? గలభానా?

పత్రిక మీద ఆగ్రహానికి రెండు మాటలు చాలిన కథ ఇది. 1983 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన గొడవను ‘ఈనాడు’ ‘పెద్దల గలభా’ అన్న శీర్షికతో వేసింది. మండలిని మనం పెద్దల సభ అంటాం. సభను గలభా చేశారు, అదీ ప్రాసతో సహా. తెలుగు చెవికి అది ఠక్కున తగులుతుంది. ఇంగ్లీషులోకి మారిస్తే ఆ దెబ్బ ఉండదు.

సభా హక్కులకు భంగం కలిగిందని మండలి పట్టుబట్టింది. సంపాదకుడు రామోజీరావును పట్టుకొచ్చి సభ ముందు నిలబెట్టాలంది. 1984 మార్చిలో పోలీసు కమిషనరు స్వయంగా పత్రికాఫీసుకు వెళ్లారు. అప్పటికే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. కోర్టు మాట వినాలా సభ మాట వినాలా అన్న చిక్కు దేశమంతా చర్చకు వచ్చింది. 1985లో మండలే రద్దయింది, దానికి కారణాలు వేరే కూడా ఉన్నాయి. 2007లో మళ్లీ ఏర్పడింది.

ఆ 2007లోనే పత్రికల మీద అధికారులు కేసులు పెట్టే వీలు కల్పిస్తూ జీవో 938 వచ్చింది. నిరసనలతో పక్కన పెట్టారు. 2019 అక్టోబరులో అదే దారిలో జీవో 2430 వచ్చింది. అధికారంలో ఎవరున్నా ఈ ఆశ చావదని నా అభిప్రాయం.

28,000 తెల్ల స్టిక్కర్లు

2011 మేలో ‘ది ఎకానమిస్ట్’లో కశ్మీరు పటం వచ్చింది. భారతదేశంలో అమ్మే 28,000 ప్రతుల్లో ఆ పటం మీద ఒక్కొక్కదానికీ చేత్తో తెల్ల స్టిక్కరు అంటించాల్సి వచ్చింది. వేలాది ప్రతులు తిప్పుతూ, జిగురు కాగితం ఊడదీస్తూ అంటించిన ఆ కూలీలకు, కింద ఏముందో చూసే తీరిక దొరికిందో లేదో!

రైలు రెండో చివర

ఇక ఒకప్పుడు మా రైలు మొదలైన సెయింట్ లూయిస్ వైపు. ఆ నగరం శివారులోని హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో పిల్లలు ‘స్పెక్ట్రమ్’ అనే పత్రిక నడిపేవారు. 1983 మేలో ఒక సంచికలో, చదువుకుంటూ తల్లులైన అమ్మాయిల గురించి, తల్లిదండ్రుల విడాకుల గురించి రెండు వ్యాసాలు రాశారు. ప్రిన్సిపాల్ ఆ రెండు పేజీలే తీసేయించారు. పిల్లలకు పత్రిక చేతికొచ్చాకే తెలిసింది. కోర్టుకెళ్లారు. 1988 జనవరిలో సుప్రీంకోర్టు 5–3తో ప్రిన్సిపాల్‌కు ఆ అధికారం ఉందని తేల్చింది. సర్కారు బడి కాబట్టి ఇది కూడా సర్కారు కత్తెరే. ఆ తీర్పు తర్వాత కొన్ని రాష్ట్రాలు విద్యార్థి పత్రికలకు రక్షణగా సొంత చట్టాలు చేసుకున్నాయి. టెక్సస్‌లో అలాంటి చట్టం లేదు. అంటే ఫ్రిస్కో హైస్కూళ్లలో పత్రికలకు రాసే మన పిల్లలందరి మీదా హేజల్‌వుడ్ తీర్పే నడుస్తోంది. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు.

ఇవన్నీ విని, మా వీధి అమ్మాయి నోట్‌బుక్ మూయబోయి ఆగింది. “అంకుల్, మీరు విడదీసిన ఆ వాక్యాల్లో ఒక్కటైనా గుర్తుందా?”

ఒకటి గుర్తుంది. చెరువు కట్ట పనికి వెళ్లిన ఆడకూలీలకు మూడు నెలలుగా డబ్బులు ముట్టలేదన్న వాక్యం. అందులో మా అమ్మమ్మ కూడా ఉంది కాబట్టి గుర్తుంది. ఆ వారం దాని చోట్లో ఉసిరికాయ పచ్చడి వేశారు.

అమ్మాయి ఆ వాక్యాన్ని తెలుగులో రెండుసార్లు చెప్పించుకుని, తన ఇంగ్లీషు వ్యాసంలో మొదటి వాక్యంగా రాసుకుంది.